గూడ్సు బండి కోసం గుత్తి లైనులో ఒక రోజు

గూడ్సు బండి ఏ యాప్‌లోనూ కనపడదు. ఎక్స్‌ప్రెస్ ఎక్కడుందో, ఎన్ని నిమిషాలు లేటో ఫోను చెప్పేస్తుంది. బొగ్గు బండి ఎప్పుడొస్తుందో, సిమెంటు బండి ఏ స్టేషన్లో ఆగి ఉందో మాత్రం మనలాంటి బయటివాళ్లకు చెప్పే దిక్కు లేదు. నాకు కావలసినవేమో అవే.

మా అనంతపురంలో రైళ్ల ఫొటోలు తీసే కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. ఎక్కువమంది 2023లో మొదలైన కాచిగూడ–యశ్వంతపూర్ వందేభారత్ కోసం స్టేషన్‌కు పోతారు. అందమైన బండి, నేనూ తీశాను. కానీ ఈ సీమలో రైలంటే ప్రాణం పెట్టేవాడికి అసలు బండి గూడ్సే అని నా నమ్మకం. ఇక్కడి నేల బరువును మోసేది అదే. తాడిపత్రి, ఎర్రగుంట్ల సిమెంటు దాని మీదే పోతుంది. ముద్దనూరు దగ్గరి థర్మల్ స్టేషన్‌కు బొగ్గు దాని మీదే వస్తుంది. మన పొలాలకు ఎరువు, మన డిపోలకు బియ్యం కూడా అంతే. ఇంత పని చేసే బండిని ఎవరూ నిలబడి చూడరు.

పోయిన డిసెంబరులో ఒక ఆదివారం పూర్తిగా దానికే కేటాయించుకున్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకు బైకు తీశాను. గుత్తి దాకా యాభై కిలోమీటర్లు పైచిలుకు, హైవే మీద చలి చేతివేళ్లలోకి దిగిపోయింది. సంచిలో సెకండ్ హ్యాండ్ కెమెరా, రెండు లెన్సులు, ఒక నోట్‌బుక్, నీళ్లు, వేయించిన శనక్కాయలు. ట్రైపాడ్ తీసుకుపోను. ప్లాట్‌ఫాం మీద తలపైన పోయే తీగలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. దాన్ని ముట్టుకోనక్కర్లేదు, పొడవాటి లోహపు కడ్డీ దగ్గరికి పోయినా చాలు. సెల్ఫీ స్టిక్‌తో వచ్చే పిల్లలను చూస్తే నాకు ఇప్పటికీ టెన్షనే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ముందుగా చెప్పాల్సింది లెన్సుల గురించి కాదు, నేను చేసిన ఒక తప్పు గురించి. రెండేళ్ల కిందట ఒక మలుపు దగ్గర, బండి వంకర మొత్తం ఫ్రేములో పడాలని పట్టాల పక్క కంకర మీదికి పోయి నిలబడ్డాను. పెద్ద లెన్సులోంచి చూస్తే బండి ఎంత దగ్గరికొచ్చిందో తెలియదు, ఇంకా దూరంగానే ఉన్నట్టు అనిపిస్తుంది. హారన్ ఆగకుండా మోగడం మొదలయ్యాక గానీ నాకు తెలివి రాలేదు. గట్టు కిందికి దూకేశాను. ఇంజను నా పక్కనుంచి పోతుంటే లోకో పైలట్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. లోడు మీదున్న గూడ్సుకు ఎమర్జెన్సీ బ్రేకు కొట్టినా వందల మీటర్లు పోయాకే ఆగుతుంది, ఆ మనిషి చేతిలో చేయగలిగింది ఏమీ లేదు. ఆ దండం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం పట్టాల మీదికి అనుమతి లేకుండా పోతే ఆరు నెలల దాకా జైలు, 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి అలా ఉంచి, ఆ రోజు నుంచి నేను నిలబడేది రెండే చోట్ల. ఒకటి, టికెట్ కొనుక్కుని, స్టేషన్ మాస్టరుకు కనబడి, ఎందుకొచ్చానో చెప్పుకున్నాక ప్లాట్‌ఫాం మీద. రెండు, లైనుకు బాగా దూరంగా అందరూ నడిచే దారి మీద. చాలామంది మాస్టర్లు "అంచుకు పోవద్దు, పట్టాలు దాటొద్దు" అని రెండు ముక్కలు చెప్పి వదిలేస్తారు. వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయడమే. వాళ్లకు నా ఫొటో కంటే పెద్ద పనులున్నాయి.

గుత్తి ఊళ్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిని స్టేషన్‌కు పోయేసరికి తూర్పున తెలుపు వస్తోంది. స్టేషన్ ఊరికి దూరంగా ఉంటుంది, అదీ మంచిదే. వెనక్కి తిరిగి చూస్తే కోట కొండ మొత్తం నల్లటి ముద్దలాగా లేస్తుంది. ఇక్కడి నుంచి లైన్లు నాలుగు దిక్కులకు పోతాయి: గుంతకల్లుకు, తాడిపత్రి మీదుగా రేణిగుంటకు, పెండేకల్లు మీదుగా డోన్‌కు, కల్లూరు మీదుగా ధర్మవరానికి. బోర్డు మీద పసుపు రంగు ఇంకా చీకట్లో బూడిదగానే ఉంది.

గుత్తి అంటే డీజిల్ షెడ్డు, ఇంజన్లను నిలిపి బాగుచేసే చోటు. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊరికి పోయేటప్పుడు ఇక్కడే బండి మారేవాళ్లం. పాత డీజిల్ ఇంజను ప్లాట్‌ఫాం పక్కన నిలబడితే మా అమ్మ ఒళ్లో కూర్చున్న నాకు దాని దడదడ వెన్నులోకి తెలిసేది. లైన్లన్నీ కరెంటుకు మారాక ఆ చప్పుడు అరుదైపోయింది. షెడ్డులోకీ ఇప్పుడు కరెంటు ఇంజన్లు వచ్చాయి. లోపలికి పోవడానికి నాకు అనుమతి లేదు, అడగనూ లేదు. ఇంజన్లు ఒంటరిగా షెడ్డుకూ యార్డుకూ తిరుగుతుంటాయి, ప్లాట్‌ఫాం చివర బెంచీ మీద ఓపిగ్గా కూర్చుంటే అవే ఎదురొస్తాయి.

అక్కడే ఒక పిల్లవాడు నన్ను పట్టుకున్నాడు. వాళ్ల నాయనతో తిరుపతికి పోతున్నాడు, బండికి ఇంకా టైముంది. "అన్నా, దాని మీద డబ్ల్యూఏజీ-9 అని రాసుంది. అట్లంటే ఏంది?" అన్నాడు. చెప్పాను. మొదటి డబ్ల్యూ అంటే వెడల్పు పట్టాల బండి, బ్రాడ్‌గేజ్. ఏ అంటే ఏసీ కరెంటు మీద నడిచేది, అక్కడ డీ ఉంటే డీజిల్. జీ అంటే గూడ్సు లాగేది, పీ అంటే ప్యాసింజర్, ఎం అంటే రెండు పనులూ చేసేది. చివరి అంకె రకం. "అయితే డబ్ల్యూడీఎం అంటే డీజిల్‌ది, రెండూ లాగేది!" అని వాడే చెప్పేశాడు. దాని పక్కన చిన్న అక్షరాల్లో ఇంజను ఏ షెడ్డుదో కూడా రాసి ఉంటుంది. లాలాగూడ, కాజీపేట, ఈరోడ్ అని చదువుతూ పోతే ఇంజను ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. వాడు వాళ్ల నాయన చెయ్యి పట్టుకుని పోతూ పోతూ ప్రతి ఇంజనూ చదవసాగాడు.

వెలుతురు సంగతి ఇక్కడ చెప్పాలి, ఈ లైనులో అదే ముఖ్యం. గుత్తి నుంచి కడప వైపు లైను ఆగ్నేయంగా సాగుతుంది. కాబట్టి పొద్దున పూట కడప వైపు పోయే బండికి ముఖం మీద ఎండ పడుతుంది. గుంతకల్లు వైపు వచ్చే బండి ముఖం నీడలో ఉంటుంది. సాయంత్రం సరిగ్గా తిరగబడుతుంది. ఇది తెలియక మొదటి ఏడాది నేను తీసిన ఫొటోల్లో సగం ఇంజన్లకు ముఖాలే లేవు. మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు దాకా అసలు కెమెరా తీయను. ఎండకు కంకర వేడెక్కి పట్టాల మీద గాలి నీళ్లలాగా కదులుతుంది, పెద్ద లెన్సులో బండి మొత్తం వంకరటింకరగా వస్తుంది. డిసెంబరులో కాస్త నయం, మే నెలలో అయితే తొమ్మిదికే మొదలు.

గుత్తిలో రెండు మంచి ఫొటోలు పడ్డాయి. ఎనిమిదికల్లా తాడిపత్రి రోడ్డు పట్టాను.

రాయలచెరువు దాటాక రోడ్డుకు దగ్గర్లో ఒక లెవెల్ క్రాసింగ్ గేటు ఉంది. చుట్టూ నల్లరేగడి, మోకాలెత్తు పప్పుశనగ, గట్ల మీద కంది పసుపు పూత. గేటు పక్కన కానుగ చెట్టు కింద బైకు ఆపి, గేట్‌మన్ దగ్గరికి పోయి అడిగాను. "రోడ్డు మీద ఉండుకో, గేటు లోపలికి మాత్రం రావద్దు" అన్నాడు. సరేనన్నాను. యాప్ తెరిచాను. కడప వైపు పోయే ఎక్స్‌ప్రెస్ ఇరవై ఐదు నిమిషాలు లేటు అని చూపించింది. అప్పుడు సిగ్నల్ సరిగా లేదు, పేజీ తిరుగుతూ ఉంది. ఫోను ఎత్తి పట్టుకుని రోడ్డు మీద అటూ ఇటూ నడుస్తున్నాను. కెమెరా సంచిలోనే ఉంది. నా వెనక గేటు పడింది. అది కూడా పట్టించుకోలేదు. హారన్ వినబడి తిరిగేసరికి గూడ్సు మలుపు తిరిగేసింది. ముందు రెండు ఇంజన్లు, రెండింటికీ ఎండ ముఖం మీద, పక్కన శనగచేను. ఆ ఫొటో ఎలా వచ్చి ఉండేదో నాకు తెలుసు. జిప్పు తీసి కెమెరా పైకెత్తేలోపు ఇంజన్లు దాటిపోయాయి. పెట్టెలు లెక్కపెట్టుకోవడమే మిగిలింది. యాభై ఏడు.

"యాభై ఎనిమిది" అన్నాడు గేట్‌మన్, ఎవరూ అడగకుండానే.

గేటు ఎత్తాక వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "ఫోన్లో ఏం చూస్తాంటివి సామీ? నా ఫోను మోగింది ఇనపడలేదా?" అన్నాడు. ఆయన గదిలో ఒక ఫోను ఉంటుంది. బండి బయలుదేరే ముందు స్టేషన్ నుంచి మాస్టరు ఫోను చేసి గేటు వేయమంటాడు. ఇద్దరూ ఒక నంబరు చెప్పుకుని పుస్తకంలో రాసుకుంటారు. ప్రైవేట్ నంబరు అంటారు దాన్ని. గేటు నిజంగా వేశాడనడానికి అదే సాక్ష్యం. అంటే గేటు గదిలో ఫోను మోగి, లోపలి మనిషి కలం తీసుకుంటే బండి బయలుదేరుతున్నట్టే. గూడ్సా, ఎక్స్‌ప్రెస్సా, అది ఏ యాప్‌లో ఉందీ లేదూ అన్న లెక్కే లేదు. "గంట మోగుతుంది, నేను లేస్తా, గేటు పడుతుంది. ఇంతకంటే నీకు ఇంకేం కావాలప్పా?" అన్నాడు ఆయన.

నేను ఇన్నేళ్లుగా రైలును ఫోనులో వెతుక్కుంటున్నాను. లైను పక్కన ఉన్న ప్రతిదీ బండి వస్తోందని ముందే చెబుతూనే ఉంది. ఆ గేటు దగ్గర ఫోను ఆఫ్ చేసి సంచి అడుగున పెట్టాను. తరువాత గంటన్నర అక్కడే కూర్చున్నాను. గదిలో మోగిన ప్రతిసారీ లేచాను. మూడు బళ్లు, మూడింటికీ కెమెరా సిద్ధంగా ఉంది. ఒకటి ఖాళీ బొగ్గు పెట్టెల బండి. లోడు బండి నేలను నొక్కుతూ నెమ్మదిగా మూలుగుతుంది, ఖాళీ బండి డొల్లగా గలగలమంటూ పోతుంది. కళ్లు మూసుకున్నా తేడా తెలుస్తుందని ఆయన చెప్పాడు. నిజమే.

తాడిపత్రిలో ఎక్కువసేపు లేను. బండల మిషన్ల చప్పుడు, చీనీకాయల లారీలు, ఎండ. భోజనం చేసి పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడిలో చల్లటి రాతి నీడలో రెండు గంటలు పడుకున్నాను. విజయనగర కాలపు శిల్పుల పని చూడాలంటే ఇంకో రోజు రావాలి, దానికి దానిదే సమయం ఇవ్వాలి.

తాడిపత్రి దాటాక లైను పెన్నకు దక్షిణంగా ఉంటుంది, మధ్యలో చిత్రావతిని దాటుతుంది. కొండాపురం మండలంలో ఊళ్లకు ఊళ్లు గండికోట రిజర్వాయరు ముంపులో పోయాయి. ఎండాకాలంలో ఇసుక తప్ప మరేమీ చూడని మనుషులు ఇప్పుడు నీళ్లను చూస్తూ కొత్త కాలనీల్లో కూర్చున్నారు. దూరంగా రోడ్డు మీది నుంచే ఒక సిమెంటు బండిని తీశాను, ముందు నీటి మెరుపు, వెనక కొండల గీత. ఫొటో బాగుంది. కానీ దాన్ని చూసినప్పుడల్లా ఆ నీళ్ల కింద ఇళ్లు ఉన్నాయని గుర్తొస్తుంది, అందుకే ఎవరికీ పెద్దగా చూపించలేదు.

మంగపట్నం పేరు చూడగానే బైకు ఆపాను. ఈ లైను పాతది. మద్రాసు రైల్వే వాళ్లు ఇటు నుంచి, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా (జీఐపీ) రైల్వే వాళ్లు బొంబాయి వైపు నుంచి పట్టాలు వేసుకుంటూ వచ్చి 1871లో రాయచూరు దగ్గర కలిశారు. మద్రాసు, బొంబాయి నగరాలను కలిపిన దారి మన కడప, గుత్తి, ఆదోని మీదుగానే పోయింది. ఆ దారిలోనే 1902లో మంగపట్నం దగ్గర వరదకు వంతెన కొట్టుకుపోయి, రాత్రి వచ్చిన మెయిలు వాగులో పడింది. డెబ్బై మందికి పైగా చనిపోయారు. ఏడాదిలో పది నెలలు చుక్క నీరుండని వాగులు మన సీమలో ఒక్క రాత్రిలో ఏం చేయగలవో మనకు తెలియనిది కాదు. వానాకాలంలో రాత్రిళ్లు లాంతరు పట్టుకుని పట్టాల వెంట నడిచే పెట్రోల్‌మన్‌ను చూసినప్పుడు నాకు ఆ బండే గుర్తొస్తుంది. ఇద్దరు ముసలివాళ్లను అడిగాను, ఎవరికీ ఆ సంగతి తెలియదు. వంక దగ్గర కాసేపు నిలబడి కదిలాను.

నాలుగు గంటలకు ఒక చిన్న స్టేషన్‌కు చేరాను. పేరు రాయను, అక్కడి పెద్దాయన వద్దన్నాడు, ఆయన మాట కాదనలేను. ఇప్పుడు అక్కడ ఆగే బళ్లు తక్కువ. 2020లో లాక్‌డౌన్‌కు ముందు ఇంకొన్ని ఆగేవట. టికెట్ కౌంటరు ముందు ఎవరూ లేరు, కుక్క ఒకటి చల్లటి నాపబండ మీద చాచుకుని పడుకుంది. ప్లాట్‌ఫాం నిండా వేపాకు. మాస్టరు యువకుడు, లోపల ప్యానెల్ ముందు కూర్చున్నారు. నేను తీసిన ఫొటోలు రెండు చూసి, "పసుపు గీత దాటొద్దు సార్, మా పాయింట్స్‌మన్ చెప్పినట్టు వినండి" అన్నారు.

ఆ పాయింట్స్‌మనే పెద్దాయన. రిటైర్మెంటుకు ఎంతో దూరం లేదు. వాళ్ల నాయన ఆవిరి ఇంజన్ల కాలంలో నందలూరు లోకో షెడ్డులో పనిచేశాడట.

వరండా దూలానికి ఒక పట్టా ముక్క వేలాడుతోంది. పాత గంట. మూరెడు పొడవు, పైన రంధ్రం చేసి ఇనుప తీగతో కట్టారు. ఇప్పుడు దాన్ని ఎవరూ కొట్టరు. దగ్గరికి పోయి చూశాను. ఒళ్లంతా బెల్లం రంగు తుప్పు. కింది అంచుకు నాలుగు వేళ్ల పైన మాత్రం రూపాయి బిళ్లంత మేర నున్నగా, లోపలికి కాస్త గుంటపడి ఉంది. ఎన్నేళ్లు, ఎంతమంది, ఎన్ని బళ్లకు అక్కడే కొట్టి ఉంటారో. పట్టా నడుము మీద ఉబ్బెత్తు అక్షరాలున్నాయి, తయారు చేసిన చోటు, సంవత్సరం. పాత పట్టాలన్నింటికీ అలా ఉంటాయి. స్టేషన్ కంచె కోసం పాతిన పట్టాల గుంజల మీద కూడా చూడవచ్చు. దీని మీద సంవత్సరం సగం తుప్పు తినేసింది, వేలితో తడిమితే ఒకటి, తొమ్మిది అంకెలు తగిలాయి. ఆ నున్నటి చోటును లెన్సు ఆనించేంత దగ్గర నుంచి తీశాను. ఆ రోజు మొత్తంలో నాకు అన్నింటికంటే ఇష్టమైన ఫొటో అదే.

అయిదు కావస్తుండగా లోపల పరికరం గంట మోగింది. పెద్దాయన నా వైపు చూశాడు. "గూడ్సు. గుంతకల్లుకు. లూపులో పెడతారు" అన్నాడు. ఎలా తెలుసని అడిగాను. బండిని స్టేషన్లోకి రానిచ్చే హోం సిగ్నల్ దూరంగా ఉంది, ఆయన ఉన్నచోటికి వెనక నుంచే కనపడుతుంది, రంగు తెలియదు. "లోపల పాయింట్లు తిరిగిన సప్పుడు ఇనలా?" అన్నాడు. పాయింట్లు అంటే బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే చోట కదిలే పట్టాలు. బండి మెయిన్ లైన్లో ఆగకుండా పోతే అవి కదలక్కర్లేదు. లూపులోకి, అంటే పక్క లైనులోకి తీసుకోవాలంటేనే మోటారు గిర్రుమని పట్టా నాలుకను జరుపుతుంది. డ్రైవరుకు పసుపు దీపంతో పాటు ఏటవాలుగా తెల్లదీపాల వరస వెలుగుతుంది, పక్కకు పోతున్నావు, నెమ్మదించు అని. తరువాత ఆయన అన్న మాట నా నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు ఉంది: "గూడ్సు పక్కకు తప్పుకుందంటే ఎనకాల పెద్దబండి వస్తాందని."

ఇంతకంటే సూటిగా నాకు ఏ టైంటేబులూ చెప్పలేదు.

గూడ్సు వచ్చింది. నడకంత వేగంతో అవతలి లూపులోకి పాక్కుంటూ వచ్చి, పొడుగ్గా ఒక నిట్టూర్పు విడిచి ఆగింది. బ్రేకులు పట్టుకున్న ఇనుము వాసన ప్లాట్‌ఫాం దాకా వచ్చింది. ఇంజను ముఖం మీద పడమటి ఎండ, రాగి చెంబు రంగు. పాయింట్లు మళ్లీ గిర్రుమన్నాయి, ఈసారి నేనూ విన్నాను. నాకు ఎంత సమయం ఉందో తెలియదు కానీ ఏం జరగబోతోందో తెలుసు. చిన్న లెన్సు తగిలించాను. గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. ఫ్రేములో కుడివైపు వేపచెట్టు కొమ్మ, అవతల ఆగిన గూడ్సు, మధ్యలో ఖాళీ పట్టాలు. ఇంకా ఏదో తక్కువ అనిపించింది.

మాస్టరు లోపల ఫోనులో ఉన్నారు. పెద్దాయన గది గోడకు ఆనించిన జెండాలు తీసుకుని వచ్చాడు. చుట్టిన ఎర్రజెండా ఒక చేతిలో, విప్పిన పచ్చజెండా ఇంకో చేతిలో. ప్లాట్‌ఫాం మీద పసుపు గీతకు వెనక, నా ఫ్రేములో సరిగ్గా తక్కువైన చోట నిలబడ్డాడు. నేను ఏమీ అడగలేదు. అది ఆయన రోజూ నిలబడే చోటు, రాతి మీద ఆయన చెప్పులకు అరిగినట్టే ఉంది.

గంటకు 110 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు ముప్పై మీటర్లు. కెమెరా షట్టరు సెకనులో వెయ్యో వంతే తెరుచుకునేలా పెట్టుకున్నా ఆ కాస్తలోనే బండి మూడు సెంటీమీటర్లు జరుగుతుంది. అలా ఆపితే బండి బొమ్మలాగా నిలబడిపోతుంది. ఈసారి నాకు పోయే బండి పోతున్నట్టే కావాలి, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కావాలి. ముప్పయ్యో వంతుకు తెచ్చి, ఊపిరి బిగబట్టాను. పట్టాలు సన్నగా పాడడం మొదలుపెట్టాయి. కుక్క లేచి వెనక్కి పోయింది. తరువాత మెయిలు వచ్చింది. గాలి, దుమ్ము, వేపాకులన్నీ ఒక్కసారి లేచాయి, పెద్దాయన చొక్కా వీపుకు అంటుకుపోయింది, పచ్చజెండా బల్లలాగా చదునుగా నిలబడింది. ఎనిమిది ఫొటోలు తీశాను. ఒకటి సరిగ్గా వచ్చింది.

ఆయన మాత్రం బండి వైపే చూస్తున్నాడు. కిటికీల వైపు కాదు, చక్రాల వైపు. ఆ జెండా పట్టుకుని నిలబడేది మర్యాద కోసమే అనుకునేవాడిని ఇన్నాళ్లూ. బండి పోతుంటే ఏ ఇరుసైనా వేడెక్కి పొగ వస్తోందా, ఏదైనా ఊడి కింద వేలాడుతోందా, బ్రేకు పట్టేసి నిప్పురవ్వలు లేస్తున్నాయా అని చూడడం ఆయన పని. ఏదైనా కనబడితే ఆ రెండో చేతిలోని ఎర్రజెండా విప్పుతాడు. చివరి పెట్టె వెనక పెద్ద ఇంటూ గుర్తు చూశాకే చెయ్యి దించాడు. అది కనబడితేనే బండి మొత్తం వచ్చినట్టు, మధ్యలో పెట్టెలేవీ తెగి వెనక ఉండిపోలేదని లెక్క. "మొత్తం పోయింది సార్" అని లోపలికి కేక వేశాడు.

కెమెరా తెర మీద ఫొటో చూపించాను. కళ్లజోడు సరిచేసుకుని చాలాసేపు చూశాడు. "నా ముప్పై ఏండ్ల సర్వీసులో నన్ను ఈ పని మీద ఎవరూ ఫొటో తీయలేదు నాయనా" అన్నాడు. ఒక ప్రింటు పంపమన్నాడు, మనవరాలికి చూపించాలట. మరుసటి వారమే పెద్దది వేయించి పంపాను.

అప్పటికే పొద్దు కొండల వెనక్కి దిగింది. కెమెరాకు చాలినంత వెలుతురు లేదు. మూత పెట్టి సంచిలో సర్దుకుంటుంటే లూపులోని గూడ్సుకు పచ్చదీపం వచ్చింది. "గూడ్సు బయలుదేరుతాంది, ఉంటావా?" అన్నాడు పెద్దాయన.

ఉన్నాను. ఇంజను హారన్ కొట్టి ముందుకు లాగింది. పెట్టెకూ పెట్టెకూ మధ్య కొక్కెం బిగుసుకుంటున్న చప్పుడు, ఠక్, ఠక్, ఠక్ అంటూ ఒక చివర నుంచి ఇంకో చివరకు మమ్మల్ని దాటుకుంటూ పోయింది. ఆ చప్పుడు తోక దాకా చేరాకే చివరి పెట్టె కదిలింది. అందరూ గార్డు అనే మనిషిని 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఆయన బ్రేక్ వ్యాను వసారాలో నిలబడి పచ్చదీపం ఊపాడు. పెద్దాయన తన చేతిదీపం ఊపాడు. ఎర్రదీపం ముద్దనూరుకు వ్యతిరేక దిక్కున చీకట్లో చిన్నదైపోయింది.

"యాభై ఎనిమిది" అన్నాను.

"యాభై ఎనిమిదే" అన్నాడు ఆయన.